వర్కౌట్‌లో డ్రాఫ్టింగ్: స్పీడ్ పెరుగుతుంది, వాట్స్ ఎందుకు తగ్గవు?

ఈ ఎపిసోడ్ ఇండోర్ సైక్లింగ్ గురించి. మన కరీంనగర్, ఆదిలాబాద్ వైపు ఏప్రిల్, మే వచ్చిందంటే పొద్దున ఎనిమిది దాటాక సైకిల్ బయటికి తీయలేం. ఆదిలాబాద్‌లో ఎండాకాలం 44 డిగ్రీలు మామూలే, చలికాలంలో అదే ఊరు 10 కిందికి దిగుతుంది. అందుకే స్మార్ట్ ట్రైనర్ కొనుక్కుని, రూమ్‌లో ఫ్యాన్ పెట్టుకుని, జ్విఫ్ట్ లాంటి యాప్‌లో తొక్కేవాళ్లు మన దగ్గర కూడా ఉన్నారు.

ఆదిలాబాద్‌లో ఉండే మా దోస్తు ఒకాయన ఈ మధ్య ఫోన్ చేశాడు. "అరే, వర్కౌట్ పెట్టుకుని 200 వాట్స్ మీద తొక్కుతున్నా. ముందు ఎవరైనా దొరికితే వాళ్ల వెనక చేరుతా, స్పీడ్ 34 నుంచి 38కి పోతుంది. కాళ్లకేమో అదే బరువు. మరి డ్రాఫ్ట్ వల్ల నాకు మిగిలిందేంది?" అన్నాడు. అంతటితో ఆగలేదు. చలికాలంలో 200 కిలోమీటర్ల బ్రెవే తొక్కుదామని ప్లాన్. ఆ 38ని పట్టుకుని ఐదున్నర గంటల్లో అయిపోతుందని లెక్క కూడా వేసేశాడు. బ్రెవేకి టైమ్ లిమిట్ పదమూడున్నర గంటలు, కాబట్టి లిమిట్ గురించి భయం లేదు. కానీ 38 అనుకుని మొదలుపెట్టినవాడు 80 కిలోమీటర్ల దగ్గరే ఖాళీ అయిపోతాడు. అందుకే ఈ వీడియో.

ముందు డ్రాఫ్టింగ్ అంటే ఏందో చూద్దాం. పత్తి లోడు ట్రాక్టర్ వెనక సైకిల్ తొక్కినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఎదురుగాలి ఒక్కసారిగా ఆగిపోతుంది, సైకిల్ తేలికైపోతుంది. (ఆ పని చేయకండి. చాలా ట్రాక్టర్లకు వెనక లైట్లే ఉండవు, బ్రేక్ వేసిండంటే మీరు పోయి పత్తిలో కాదు, ఇనుములో పడతారు.) ముందు పోయేవాడు గాలిని చీలుస్తాడు, వెనకవాడికి ఆ గాలి తగ్గుతుంది. గంతే.

ఎంత తగ్గుతుందో లెక్క వేద్దాం. మనిషి, సైకిల్ కలిపి 83 కిలోలు, చదును రోడ్డు, 200 వాట్స్. మామూలు రోడ్ బైక్ కొలతలు పెట్టి సమీకరణం నేను వేస్తే గంటకు సుమారు 34.5 కిలోమీటర్లు వచ్చింది. ఆ 200లో గాలితో కొట్లాడడానికే దాదాపు 170 పోతుంది, మిగిలింది టైర్ రాపిడి. ఇప్పుడు ముందు ఒకడు ఉండి గాలి 30 శాతం తగ్గించాడనుకుందాం. అప్పుడు రెండు దారులున్నాయి. అదే 34.5లో పోతే 150 వాట్స్ చాలు. లేదూ అదే 200 పెడితే స్పీడ్ 38.5 అవుతుంది.

మొత్తం విషయం ఈ రెండు దారుల్లోనే ఉంది. కోడ్ రాసేవాళ్లకు ఇట్లా చెప్తే తొందరగా ఎక్కుతుంది: ఏది ఇన్‌పుట్, ఏది అవుట్‌పుట్?

రోడ్డు మీద గుంపులో పోతుంటే స్పీడ్‌ని ముందున్నవాడు ఫిక్స్ చేస్తాడు. మీ చేతిలో ఉన్నది ఆ స్పీడ్ పట్టుకోవడమే. కాబట్టి డ్రాఫ్ట్ లాభం వాట్స్‌లో కనిపిస్తుంది: 200 బదులు 150. వర్కౌట్‌లో ఎర్గ్ మోడ్ ఆన్ ఉంటే మొత్తం తిరగబడుతుంది. వాట్స్‌ని ట్రైనర్ ఫిక్స్ చేస్తుంది. 200 అంటే 200. పెడల్ 90 నుంచి 60కి తగ్గిస్తే ట్రైనర్ ఒక్కో తొక్కుడు బరువును ఒకటిన్నర రెట్లు పెంచి మళ్లీ 200కే తెస్తుంది. ఎక్కుడు వచ్చినా, దిగుడు వచ్చినా దానికి పట్టదు. అట్లాంటప్పుడు డ్రాఫ్ట్ లాభం బయటపడడానికి మిగిలిన ఒకే దారి స్క్రీన్ మీది స్పీడ్. మా దోస్తుకు పెరిగిన ఆ నాలుగు కిలోమీటర్లు అవే. ఆయన దమ్ము పెరగలేదు, గాలి తగ్గింది, అదీ గేమ్‌లోని గాలి.

ఇంకో సంగతి. డ్రాఫ్ట్‌లో ఉన్నప్పుడు పెడల్ తేలికవుతుందని చాలామంది అనుకుంటారు. ఎర్గ్ ఆఫ్ చేసినా జ్విఫ్ట్‌లో కాలికి తెలిసేది ఎత్తుపల్లాలే. గాలి తేడా గేమ్ లోపల స్పీడ్ లెక్కలోనే జరుగుతుంది. అందుకే వర్కౌట్ చేసేవాడు గుంపు వెనక చేరి, స్పీడ్ పెరిగి, వాళ్లను దాటిపోతాడు. దాటగానే డ్రాఫ్ట్ పోతుంది, స్పీడ్ పడిపోతుంది, వాళ్లు మళ్లీ అందుకుంటారు. ఇట్లా ముందుకీ వెనక్కీ ఊగుతుంటారు. ఇది తగ్గించడానికి గేమే లోపల సన్నగా బ్రేక్ వేస్తుంది కూడా. ఇంటర్వెల్ అయిపోయి రికవరీలో 100 వాట్స్‌కి దిగారా, ఇక ఆ గుంపు కనిపించదు. టైమ్ ట్రయల్ బైక్ తీసుకుంటే ఈ గోలే లేదు, జ్విఫ్ట్‌లో ఆ బైక్‌లకు డ్రాఫ్టే దొరకదు. గ్రూప్ వర్కౌట్‌లో అయితే ఎవరి వాట్స్ ఎంతైనా గేమ్ అందర్నీ కట్టేసినట్టు కలిపే నడిపిస్తుంది. పెడల్ ఆపేస్తేనే వెనకబడతారు. అక్కడ డ్రాఫ్ట్ గురించి ఆలోచించడమే అనవసరం.

మరి డ్రాఫ్ట్ వల్ల ట్రైనింగ్ చెడిపోతుందా? ఎర్గ్ ఆన్ ఉంటే చెడిపోదు. గుండెకు, కాళ్లకు పడాల్సిన పని పడుతూనే ఉంది. చెడిపోయేది ఎర్గ్ ఆఫ్ చేసి, గుంపును వదలొద్దని తొక్కినప్పుడు. టార్గెట్ 200 అని పైన రాసుంటుంది, గుంపులో 150తో హాయిగా పోతుంటారు, స్పీడ్ 34 చూపిస్తుంటుంది, మనసుకు మస్తు అనిపిస్తుంది. ఇంటర్వెల్ మాత్రం నాలుగోవంతు ఎగ్గొట్టినట్టే. నా మాట వింటే వర్కౌట్ రోజు స్పీడ్ అంకె వైపు చూడనే చూడకండి. వాట్స్, పెడల్ వేగం, గుండె వేగం, ఈ మూడే చూడండి.

ఎక్కుడులో అయితే డ్రాఫ్ట్ దాదాపు లేనట్టే. 8 శాతం ఎక్కుడు, అదే మనిషి, అదే 200 వాట్స్: గంటకు 10 కిలోమీటర్ల చిల్లర. ఆ స్పీడ్‌లో గాలికి పోయేది నాలుగైదు వాట్స్, మిగతాదంతా బరువు మోయడానికే. నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ ఎక్కేటప్పుడు ఎవరి వెనక దాక్కున్నా పెద్దగా కలిసిరాదు. ఎవరి బరువు వాళ్లదే.

ఇక బ్రెవే సంగతి. మా దోస్తుకు చెప్పింది ఇదే: 38ని మర్చిపో, 200ని గుర్తుపెట్టుకో. అది కూడా పది నిమిషాల ఇంటర్వెల్ అంకె, రోజంతా తొక్కే అంకె కాదు. రోడ్డు మీద రోజంతా 120, 130 వాట్స్ మోసుకుపోగలవా అన్నది వేరే పరీక్ష. గుంపు వెనక ఉండి ఆ వాట్స్ మిగుల్చుకోవడం కూడా ఒక పనే. ముందు చక్రానికి రెండు మూడు అడుగుల దూరం, బ్రేక్ మీద వేళ్లు, గుంతను చూసి చెయ్యి చూపడం. ఎర్గ్ మోడ్ ఇవేవీ నేర్పదు. వారంలో రెండు రోజులు ఎర్గ్ వర్కౌట్ చెయ్, ఇంకో రోజు వర్కౌట్ తీసేసి జ్విఫ్ట్‌లో రోబోపేసర్ గుంపులో తొక్కు. గుంపు వేగాన్ని అదే నిర్ణయిస్తుంది కాబట్టి వెనక ఉంటే ఎన్ని వాట్స్ మిగిలాయో నీకే కనిపిస్తుంది. ఆదివారం పొద్దుగాల, గ్రానైట్ లారీలు రోడ్డెక్కకముందే, ఇద్దరు ముగ్గురు తెలిసినవాళ్లతో బయట తొక్కు. నెల నెలా జ్విఫ్ట్‌కి కట్టడం బరువైతే మైవూష్ ఉంది, అది ఫ్రీ.

అన్నట్టు, వర్కౌట్ మధ్యలో కరెంట్ పోయిందంటే ఎర్గ్ కూడా పోతుంది. ట్రైనర్‌ని ఇన్వర్టర్ లైన్‌కి పెట్టుకోండి, వైఫై రౌటర్‌ని కూడా. వచ్చే ఎపిసోడ్‌లో ఎఫ్‌టీపీ టెస్ట్ ఇంట్లో ఎట్లా చేసుకోవాలో చూద్దాం.