ఒక ఊరు, రెండు కేసులు: ఉగ్రవాదంపై కొన్ని అపోహలు

2022 మే 24న అమలాపురంలో ఓ మంత్రి ఇల్లు, ఓ ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. బస్సులు కాలిపోయాయి. రాళ్ల దెబ్బలకు జిల్లా ఎస్పీతో సహా పోలీసులు గాయపడ్డారు. అప్పటికి కోనసీమ జిల్లా ఏర్పడి రెండు నెలలు కూడా కాలేదు. దానికి అంబేడ్కర్ పేరు చేరుస్తూ మే 18న ప్రభుత్వం ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చింది. గొడవంతా దాని మీదే.

అదే అమలాపురంలో పుట్టి, అక్కడి ఎస్‌కేబీఆర్ కాలేజీలో చదువుకుని, ఢిల్లీలో ఇంగ్లిషు పాఠాలు చెప్పిన మనిషి జి.ఎన్. సాయిబాబా. చిన్నప్పుడే పోలియో రెండు కాళ్లనూ తీసుకుపోయింది. చక్రాల కుర్చీ లేనిదే కదల్లేకపోయేవాడు.

ఆ అల్లర్ల మీదా, సాయిబాబా మీదా కేసులు నడిచాయి. ఈ రెండింట్లో ఉగ్రవాద నిరోధక చట్టం కింద నడిచిన కేసు ఏది? తెలియనివాళ్లు మొదటిదే అనుకుంటారు. నడిచింది రెండోది. ఉగ్రవాదం గురించి మనకున్న అపోహల్లో సగం ఇక్కడే తేలిపోతాయి.

అపోహ: జనాన్ని వణికించిందల్లా ఉగ్రవాదమే.

జనం వణకడమే లెక్కయితే కోనసీమవాళ్లకు 1995 జనవరి చాలు. పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి అంటుకుని మార్చి దాకా ఆరలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. ఇవి ప్రమాదాలు. నిర్లక్ష్యం ఎవరిదని నిలదీయవచ్చు కానీ, వెనక ఎవరి పన్నాగమూ లేదు. ఉగ్రవాదానికి ముందు కావలసింది ఉద్దేశం.

మరి మే 24? అక్కడ ఉద్దేశం ఉంది. సర్కారు నిర్ణయాన్ని నిప్పుతో వెనక్కి తిప్పాలని చూశారు. పాఠ్యపుస్తకాల్లో రాసే నిర్వచనం ప్రకారం వాదిస్తే దాన్నీ ఉగ్రవాదం కింద చేర్చవచ్చు. పోలీసులు మాత్రం అల్లర్లు, హత్యాయత్నం, ప్రభుత్వ ఆస్తుల ధ్వంసం సెక్షన్లతో సరిపెట్టారు. అది సరైన పనే అని నా అభిప్రాయం. ఇల్లు తగలబెట్టినవాడిని శిక్షించడానికి మామూలు చట్టం చాలు, నిజంగా వాడితే. కానీ మరుసటి ఏడాదికల్లా అప్పటి ప్రభుత్వమే ఆ కేసులను ఎత్తేసే దారి పట్టింది. అంబేడ్కర్ పేరు చెప్పుకుని బిక్కుబిక్కుమన్న పేటలకు ఇదేం న్యాయం అన్నది వేరే ప్రశ్న. అది చిన్న ప్రశ్న కాదు.

అపోహ: ఉగ్రవాదమంటే ఏమిటో ప్రపంచమంతా ఎప్పుడో తేల్చేసింది.

తేల్చలేదు. 1934లో యుగోస్లావియా రాజు అలెగ్జాండర్‌ను ఫ్రాన్సులోని మార్సే నగరంలో కాల్చి చంపాక నానాజాతి సమితి కదిలి, 1937లో ఒక ఒప్పందం రాసింది. 24 దేశాలు సంతకాలు పెట్టాయి. కడదాకా వెళ్లి దాన్ని ధ్రువీకరించింది ఒకే ఒక్కటి, భారతదేశం. అంటే 1941 నాటి బ్రిటిష్ సర్కారు. ఆ తొందర ఎవరికోసమో వేరే చెప్పాలా? ఒప్పందం అమల్లోకే రాలేదు. 1996లో స్వతంత్ర భారతం ఐక్యరాజ్యసమితి ముందు సమగ్ర ఒప్పందాన్ని ప్రతిపాదించింది. నిర్వచనం దగ్గరే పీటముడి పడి ఇప్పటికీ అక్కడే ఉంది.

మన దేశంలో ఉపా, అంటే చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం, 15వ సెక్షన్‌లో నిర్వచనం ఉంది. దేశ ఐక్యత, భద్రత, సార్వభౌమత్వాలకు ముప్పు తెచ్చే ఉద్దేశంతో గానీ, జనంలో భీతి పుట్టించే ఉద్దేశంతో గానీ బాంబులు, ఆయుధాలు, విషాలు వాడడం వగైరా. అంతవరకు బాగానే ఉంది. ఉద్దేశం లేకపోయినా ముప్పు కలిగే ‘అవకాశం’ ఉంటే చాలనీ, సాధనం ‘మరే రకమైనదైనా’ సరేననీ అదే సెక్షన్ అంటుంది. వల అంత వెడల్పుగా ఉంటే అందులో ఏ చేప పడాలన్నది వల వేసేవాడి ఇష్టం.

అపోహ: ఉపా కేసు పెట్టారంటే ఏదో ఒకటి చేసే ఉంటాడు.

సాయిబాబాను 2014 మే 9న ఢిల్లీలో మహారాష్ట్ర పోలీసులు అరెస్టు చేశారు. ఆయన తుపాకీ పట్టాడని గానీ బాంబు పెట్టాడని గానీ ఎవరూ అనలేదు. నిషేధిత మావోయిస్టు పార్టీతో సంబంధాలు, కుట్ర, సహకారం అన్నవి అభియోగాలు. సాక్ష్యాల్లో ముఖ్యమైనవి ఆయన ఇంట్లో స్వాధీనం చేసుకున్నామన్న కంప్యూటర్ పరికరాల్లోని పత్రాలు. 2017 మార్చి 7న గడ్చిరోలి సెషన్స్ కోర్టు యావజ్జీవం వేసింది.

2022 అక్టోబరు 14న బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి, విచారణకు అనుమతి సక్రమంగా లేదంటూ కేసు కొట్టేసింది. మర్నాడు శనివారం. అయినా సుప్రీంకోర్టు ప్రత్యేకంగా కూర్చుని ఆ తీర్పును నిలిపేసింది. తర్వాత కేసును మళ్లీ హైకోర్టుకే పంపింది. 2024 మార్చి 5న వేరే బెంచి మొత్తం విని నిర్దోషి అంది. ఈసారి అనుమతి లోపంతో ఆగలేదు. పరికరాల స్వాధీనమే రుజువు కాలేదనీ, ఇంటర్నెట్‌లో దొరికే మావోయిస్టు సాహిత్యం దగ్గర పెట్టుకున్నంత మాత్రాన నేరం కాదనీ చెప్పింది. మార్చి 7న ఆయన జైలు గేటు దాటాడు. శిక్ష పడిన రోజు నుంచి సరిగ్గా ఏడేళ్లు. మధ్యలో 2020లో కన్నతల్లి పోతే పెరోల్ దొరకలేదు. విడుదలైన ఏడు నెలలకు, 2024 అక్టోబరు 12న హైదరాబాద్ నిమ్స్‌లో కన్నుమూశాడు.

ఆయన రాజకీయాలు మీకు నచ్చకపోవచ్చు. నచ్చనక్కర్లేదు కూడా. ఇక్కడ తెలుసుకోవలసింది చట్టం పనిచేసే తీరు. మామూలు కేసులో ఎంత పెద్ద నేరానికైనా 90 రోజుల్లో చార్జిషీటు వేయకపోతే బెయిలు హక్కు వస్తుంది. ఉపాలో ఆ గడువును 180 రోజులకు పెంచుకోవచ్చు. పైగా పోలీసుల కథ పైపైన నిజమనిపిస్తే చాలు, 43-డి కింద బెయిలు దొరకదు. దాంతో తీర్పు వచ్చేలోపే సగం శిక్ష అయిపోతుంది.

ఇంకొకటి. 2019 సవరణ తర్వాత ఏ కోర్టు తీర్పూ లేకుండానే ఒక వ్యక్తిని ఉగ్రవాదిగా కేంద్రం ప్రకటించవచ్చు. మొదటి జాబితాలో మసూద్ అజర్, హఫీజ్ సయీద్, లఖ్వీ, దావూద్ ఇబ్రహీం ఉన్నారు కాబట్టి చాలామందికి అభ్యంతరం తోచలేదు.

అపోహ: ఉగ్రవాదులంతా ఒకే మతంవాళ్లు.

2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలింది. చనిపోయింది నమాజుకు వచ్చినవాళ్లు. ముందు పట్టుకుపోయింది పాతబస్తీ ముస్లిం కుర్రాళ్లను. వాళ్లు కోర్టులో నిర్దోషులుగా తేలాక రాష్ట్ర ప్రభుత్వం పరిహారం ఇచ్చింది. తర్వాత ఎన్ఐఏ హిందూ సంస్థలతో సంబంధం ఉన్నవాళ్లపై అభియోగాలు మోపింది. 2018 ఏప్రిల్‌లో వాళ్లనూ కోర్టు వదిలేసింది. అదే ఏడాది సెప్టెంబరులో గోకుల్ చాట్, లుంబినీ పార్కు పేలుళ్లకు ఇండియన్ ముజాహిదీన్‌కు చెందిన ఇద్దరికి మరణశిక్ష పడింది. మసీదు పేలుడుకూ వీటికీ మధ్య వంద రోజుల తేడా కూడా లేదు. వీటికి దోషులు తేలారు, మసీదు పేలుడుకు ఎవరూ లేరు.

అపోహ: ఒకడికి ఉగ్రవాది, ఇంకొకడికి వీరుడు. అంతా చూసే కంటిని బట్టే.

గోదావరి జిల్లాల్లో ఈ మాట బాగా చెల్లుతుంది, ఎందుకంటే కోనసీమతో పాటు 2022 ఏప్రిల్ 4నే పుట్టిన మరో జిల్లాకు అల్లూరి సీతారామరాజు పేరుంది. బ్రిటిష్‌వాళ్లు చంపించిన మనిషి అతను. కానీ అతని పద్ధతి చూడండి. చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్లు కొట్టింది తుపాకుల కోసం. 1922 సెప్టెంబరులో దామనపల్లి ఘాట్‌లో భారతీయ సిపాయిలను పోనిచ్చి, వెనక వచ్చిన తెల్ల అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్లను కాల్చారు. ఇక 1933 కాకినాడ బాంబు కేసు. అందులో ప్రతివాది భయంకరాచారి అండమాన్ వెళ్లాడు. గురి సత్యాగ్రహులపై విరుచుకుపడ్డ పోలీసు అధికారి. బాంబు అతని దాకా చేరకుండానే రేవులో పేలింది, గాయాలు వేరేవాళ్లకు. ఈ రెంటికీ మధ్యే తేడా ఉంది. 2018 సెప్టెంబరు 23న లివిటిపుట్టు దగ్గర ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను మావోయిస్టులు దారి కాచి చంపినప్పుడు తేడా ఇంకా పెరిగింది. చనిపోయిన ఇద్దరూ గిరిజనులే. చూసే కన్ను ఎవరిదైనా, చచ్చినవాడి చేతిలో ఆయుధం ఉందా లేదా అన్నది మారదు.

2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ 113వ సెక్షన్‌గా ఉగ్రవాద నేరం చేరింది. ఇప్పుడు ఒకే పనికి రెండు చట్టాలు. దేని కింద కేసు కట్టాలో ఎస్పీ హోదాకు తగ్గని అధికారి నిర్ణయించాలి. ఏ ప్రాతిపదికన నిర్ణయించాలో ఆ సెక్షన్‌లో లేదు.