సంగీతం క్లాసులో వినబడే అంకెలు: 2, 7, 12, 72

మేడ్చల్, శామీర్‌పేట వైపు ఇల్లు కట్టుకున్నవాళ్లు పిల్లల్ని సంగీతంలో చేర్చాలనుకుంటే దారులున్నాయి. మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనే, బాచుపల్లిలో, 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం ప్రాంగణం ఉంది. అది సంగీతం కూడా నేర్పే సంస్థ. సికింద్రాబాద్ వెళ్లగలిగితే భక్త రామదాసు ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది. చేర్చాక వచ్చే చిక్కు వేరు. శ్రుతి, స్థాయి, జాతి, మేళం అంటూ పిల్లలు ఇంటికి తెచ్చే మాటలు పెద్దవాళ్లకు అంతుపట్టవు. వాటిలో చాలావరకు చిన్న లెక్కలే.

మొదటి లెక్క 2. ఒక గొంతు సెకనుకు 240 కంపనాలతో ‘స’ పలికితే, పై ‘స’ సరిగ్గా రెట్టింపు, అంటే 480. ఈ రెంటి మధ్య దూరమే స్థాయి. ‘ప’ 360 దగ్గర, ఒకటిన్నర రెట్ల ఎత్తులో ఉంటుంది. తంబురాలో వినబడేవి ముఖ్యంగా ఈ స, ప, పై స.

ఇక శ్రుతి. ‘మీ అమ్మాయిది అయిదున్నర’ అని టీచరు అంటే కంగారు పడకండి. హార్మోనియం తెల్ల మెట్లకు 1 నుంచి 7 దాకా అంకెలు వేసి, మధ్యలో వచ్చే నల్ల మెట్లను ‘ఒకటిన్నర’, ‘రెండున్నర’ అంటారు. మూడున్నర మాత్రం ఎప్పుడూ వినబడదు, ఎందుకంటే 3, 4 మెట్ల మధ్య నల్ల మెట్టు లేదు. అయిదున్నర అంటే అయిదో, ఆరో తెల్ల మెట్ల నడుమ ఉన్న నల్ల మెట్టు. ఆ అమ్మాయి ‘స’ అక్కడ మొదలవుతుందన్నమాట. అది గొంతు కొలతే తప్ప మార్కు కాదు.

స్వరాలు 7, స్వరస్థానాలు 12, పేర్లు 16. స, ప ఒక్కో రకం. మధ్యమం రెండు రకాలు. రి, గ, ద, ని మూడేసి రకాలు. అన్నీ కలిపితే 16. వీటిలో నాలుగు స్థానాలకు రెండేసి పేర్లున్నాయి. ఉదాహరణకు చతుశ్రుతి రిషభం, శుద్ధ గాంధారం ఒకే మెట్టు.

ఇక్కడినుంచే 72 పుడుతుంది. రి, గ జంటలు క్రమం తప్పకుండా 6 రకాలుగా కుదురుతాయి. ద, ని జంటలూ ఆరే. 6 × 6 = 36. మధ్యమం రెండు రకాలు గనుక 36 × 2 = 72 మేళకర్తలు, అంటే మూల రాగాలు. ఈ లెక్కకు ఆధారం 17వ శతాబ్దంలో వెంకటమఖి రాసిన ‘చతుర్దండి ప్రకాశిక’. పేర్లు స్థిరపడింది తర్వాతి కాలంలో. ఆ పేర్లలోనే వరుస సంఖ్య దాగి ఉంటుంది. అక్షరాలకు అంకెలిచ్చే కటపయాది పద్ధతిలో మ అంటే 5, య అంటే 1. ‘మాయామాళవగౌళ’ మొదటి రెండక్షరాలు 5, 1. తిరగేస్తే 15. ఆ రాగం 15వ మేళం. తొలి పాఠాలైన సరళీ స్వరాలు నేర్పేది అందులోనే. పిల్లలకు ఇది చెప్పి చూడండి, మిగతా పేర్లు వాళ్లే విప్పుతారు. 72 పేర్లను బట్టీ పట్టించడం మాత్రం నాకు నచ్చదు. పాడని రాగం పేరు నాలుగు రోజుల్లో మరిచిపోతాం.

తాళాలు 7. తాళంలో లఘువు అనే భాగానికి 3, 4, 5, 7, 9 అక్షరాల లెక్కన 5 జాతులు. మొత్తం 35. మొదట కావలసింది ఒక్కటే, ఆది తాళం. అది చతురశ్రజాతి త్రిపుట: 4 + 2 + 2 = 8. అరచేత్తో తొడ మీద ఒక దెబ్బ, తర్వాత చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు. ఇది లఘువు. ఆపై దెబ్బ, విసురు. మళ్లీ దెబ్బ, విసురు. ఇవి రెండు ద్రుతాలు. ఈ ఎనిమిదిలో ఒక్కో లెక్కకు ఒక స్వరం పాడితే మొదటి కాలం. రెండో కాలంలో 2, మూడో కాలంలో 4. ఒకే ఆవర్తంలో, అంటే తాళం ఒక చుట్టులో, 8, 16, 32 స్వరాలు. చెయ్యి వేగం మారకూడదు, గొంతుదే మారాలి. పిల్లలు తడబడేది ఇక్కడే, ఓపిక కావలసిందీ ఇక్కడే.

లోతుగా చదవాలనుకునేవారికి సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ ఉంది. తమిళనాడులోని ఎట్టయాపురంలో 1904లో అచ్చయిన ఆ మహాగ్రంథం తెలుగు లిపిలోనే వచ్చింది.

ముందు శ్రుతి, తర్వాత తాళం, ఆ తర్వాతే పేర్లు. రోజూ పది నిమిషాలు తంబురా శ్రుతి పెట్టి, పిల్లల పక్కన మీరూ కూర్చుని ఆది తాళం వేయండి.