గాలిని తూచు సాక్షి

పుత్తూరు కట్టును ఎఱుగనివారు మన ప్రాంతమున నుండరు. ఎముక విఱిగినదని వచ్చినవానికి వైద్యుడు వెంటనే కట్టు కట్టడు; చేతితో తడవి, దెబ్బ తగిలిన చోటు నిశ్చయించుకొని, పిమ్మట కట్టును. పాత కార్ల మరమ్మతునకును ఈ వరుసయే తగినదని మా యభిప్రాయము.

వరుస తప్పినచో నేమగునో మేము కన్నులార చూచితిమి. కార్వేటినగరమున మేమెఱిగిన యొక కుటుంబమువారు వాడిన కారు నొకదానిని కొనిరి. రాత్రివేళ రోగిని తిరుపతికో వేలూరునకో కొనిపోవలసివచ్చినపుడు ఆ వీధివారందఱకును అదియే ఆధారము. కొన్నాళ్లకు అది త్రోవలో తడబడి ఆగసాగెను. ఒక మెకానిక్కు చూచి, గాలిని కొలుచు సెన్సరు చెడినదని చెప్పి క్రొత్తది కొనిపించెను. పిల్లవాని కళాశాల రుసుమునకై దాచిన ధనము దానికి వ్యయమయ్యెను. కారు మాత్రము బాగుపడలేదు. తుదకు చూడగా, సెన్సరునకును ఇంజనునకును నడుమనున్న రబ్బరు గొట్టము చిట్లియుండెను! కావున ఈ సెన్సరు చేయు పని యెట్టిదో, దానిని మార్చవలసినపుడు ఎట్లెన్నుకొనవలెనో విద్యార్థులకును తలిదండ్రులకును విన్నవింతుము.

ఒక పాలు పెట్రోలు పూర్తిగా కాలుటకు బరువున సుమారు 14.7 పాళ్ల గాలి వలయును. గాలి తక్కువైనచో నల్లపొగయు ఇంధననష్టమును కలుగును. ఎక్కువైనచో ఇంజను తడబడును. కార్బురేటరు ఈ పాళ్లను గాలి వేగముచేతనే సరిచూచుకొనుచుండెను. ఇంజక్షను పద్ధతిలో కంప్యూటరు లెక్కగట్టి పెట్రోలును చిమ్మించును. ఆ లెక్కకు గాలి యెంత వచ్చినదో చెప్పు సాక్షి యొకటి కావలెను. ఆ సాక్షియే ఈ సెన్సరు.

1967లో వోల్క్స్‌వ్యాగన్ 1600 కారునకు బాష్ కంపెనీ యమర్చిన పద్ధతి గాలిని నేరుగా కొలువక, ఇంజను గొట్టములోని ఒత్తిడినిబట్టి ఊహించెడిది. నేటికిని అనేకములగు చిన్న కార్లది ఈ మార్గమే. ఇంజక్షను గల మారుతి 800 బండిలో నున్నది ఒత్తిడి సెన్సరే గాని గాలి సెన్సరు కాదు. కనుక మన కారులో గాలి సెన్సరు అసలున్నదా యనునది మొదటి ప్రశ్న.

ఉన్నచో అది యే జాతిదో తెలియవలెను. 1973లో వచ్చిన పద్ధతిలో గాలి యొక రేకుతలుపును త్రోయును. తలుపు తెఱచుకొన్నంత కొలది విద్యుత్సంకేతము మాఱును. ఇది గాలి బరువును నేరుగా తూచదు. తిరుమల కొండకు 1944లో మొదటి ఘాటురోడ్డును, 1974లో రెండవదియు ఏర్పడినవి. ఆ కొండపై గాలి సముద్రమట్టమున కంటె నూటికి సుమారు 8 పాళ్లు పలుచన. ప్రత్యేకమైన సవరణ లేనిచో రేకుతలుపు అచట గాలిని ఉన్నదానికంటె ఎక్కువగా లెక్కించును. 1980ల ఆరంభమున వచ్చిన వేడితీగ పద్ధతి ఈ లోపమును తీర్చెను. వేడిపాలపై ఊదినచో చల్లారునట్లు, కాగిన ప్లాటినము తీగను గాలి చల్లార్చును. దానిని మరల అదే వేడిమికి తెచ్చుటకు ఎంత విద్యుత్తు పట్టినదో, దానినిబట్టి గాలి బరువు తెలియును. పిదప తీగకు బదులు వేడిపొర గలవి వచ్చినవి.

ఇక కొనుటకు ముందు చేయవలసిన పరీక్షలు. సెన్సరు దాటిన పిదప గొట్టమున చీలిక యున్నచో, లోనికి దూరిన గాలి సాక్షి కంటబడదు. కంప్యూటరు పెట్రోలును తగ్గించును. సాక్షి అబద్ధమాడలేదు, చూడనిదానిని చెప్పజాలకపోయినది. కావున గొట్టములను, బిగింపులను, గాలి ఫిల్టరును, తీగల కొనలను మొదట చూడవలెను. మన మట్టిదారుల దుమ్ము చినిగిన ఫిల్టరుగుండా పోయి వేడితీగపై పేరుకొనును. అందులకే తయారించిన ద్రవమును చిమ్మి, పూర్తిగా ఆఱిన పిదప బిగించినచో పెక్కుమారులు అదియే మందగును. తీగను గుడ్డతోగాని కుంచెతోగాని తాకరాదు. రేకుతలుపు జాతి సెన్సరులో నల్లమూత విప్పి లోపలి స్ప్రింగును త్రిప్పరాదు.

ఇన్నిటి తరువాతను దోషము సెన్సరుదేయని తేలినచో, పాతదానిపై ముద్రించిన సంఖ్యను వ్రాసికొని దుకాణమునకు పోవలెను. బాష్ వారి పెట్రోలు సెన్సర్ల సంఖ్య సామాన్యముగా 0 280 అని మొదలగును. తక్కిన అంకె లన్నియు కలియవలెను. ప్లగ్గు సరిపోయినంతమాత్రమున వస్తువు సరిపోయినట్లు కాదు. గొట్టపు వ్యాసము వేఱైనచో అదే గాలికి వేఱు సంకేతము పుట్టును. కొన్ని ఓల్టులలో పలుకును, కొన్ని స్పందనల సంఖ్యలో పలుకును. కొన్నిటియందు గాలి వేడిమిని కొలుచు సెన్సరును ఇమిడియుండును, కొన్నిటి యందుండదు. పాత కారునకు క్రొత్తది దొరకనిచో, కారు నమూనా, సంవత్సరము, ఇంజను సంఖ్య చెప్పి, కంపెనీ అంగీకరించిన బదులు సంఖ్యను అడుగవలెను. పేరుగల పెట్టెలో నకిలీ వస్తువు లుండుటయు కలదు. కావున రసీదును, మార్చియిచ్చు హామీని తప్పక పొందవలెను. పాత సెన్సరును వెంటనే పాఱవేయరాదు. బిగించునపుడు గాలి దిక్కును చూపు బాణపుగుఱుతును గమనింపవలెను.

చౌకదనమునుబట్టి సాక్షిని కొన్నచో, అది తీరని అప్పువలె ప్రతిదినమును పెట్రోలు రూపమున మనలను పీడించును. ఆ కుటుంబమువారికి క్రొత్త రబ్బరు గొట్టమునకైన వెల స్వల్పమే. సాక్షిని దూషించుటకు ముందు విచారణ చేయవలెనను న్యాయము మనుష్యుల విషయమున మనము బడిలో నేర్చుచున్నాము. యంత్రముల విషయమునను అదియే న్యాయము.