మార్కోపోలో ఊరు చూసొద్దామా!

చినగంజాం మండలంలోని మోటుపల్లి ఒకప్పుడు పేరు మోసిన రేవు. సుమారు 700 ఏళ్ల కిందట ఇటలీ వర్తకుడొకరు తన యాత్రా గ్రంథంలో ఆ రేవు పేరుతోనే ఈ రాజ్యాన్ని వర్ణించాడు. ఒక రాణి న్యాయంగా ఏలుతోందని, కొండల్లో వజ్రాలు దొరుకుతాయని, ఇక్కడి బట్ట సాలెగూడంత సన్నగా ఉంటుందని మెచ్చుకున్నాడు. ఆ రాణి మన రుద్రమదేవేనని చరిత్రకారులు చెబుతారు. గణపతిదేవుని కూతురిని ఆయన భార్యగా పొరబడ్డాడు, అంతే.

ఆ వర్తకుడు మార్కోపోలో. ఆయన సొంత ఊరు వెనిస్.

రోడ్డు లేని ఊరు

వెనిస్ రైలు స్టేషను దాటి బయటకు రాగానే మెట్లుంటాయి. మెట్ల ముందు రోడ్డు ఉండదు. పెద్ద కాలువ ఉంటుంది. ఆటోలు, బస్సులు, సైకిళ్లు ఏవీ తిరగవు. టిక్కెట్టు తీసుకుని మోటారు పడవ ఎక్కాలి, లేదంటే కాలినడకే. కూరగాయలు, ఉత్తరాలు, చెత్త, అంబులెన్సు, ఫైరింజను అన్నీ పడవల మీదే. ఆఖరి ప్రయాణమూ పడవలోనే. శ్మశానం వేరే లంకలో ఉంది.

పులికాట్ వంటి ఉప్పునీటి సరస్సులో 118 చిన్న లంకల మీద కట్టిన ఊరిది. వాటిని కలుపుతూ 400కు పైగా వంతెనలున్నాయి. మెత్తటి బురదలో కర్ర దుంగలు దగ్గర దగ్గరగా దిగ్గొట్టి, వాటిపై రాళ్లు పరచి మేడలు లేపారు. గాలి సోకని బురదలో ఉండడం వల్ల ఆ కర్ర అంత తొందరగా కుళ్లదు.

చుట్టూ నీళ్లే అయినా తాగే నీటికి కటకటే. ప్రతి కూడలిలో రాతి వర గల బావి కనిపిస్తుంది. అది ఊట బావి కాదు. వాన నీటిని ఇసుకలో వడగట్టి నిలవ చేసుకునే తొట్టి. 1884లో కుళాయి నీళ్లు వచ్చేదాకా ఊరంతా వీటి మీదే బతికింది.

తెరచాప గుడ్డ మీద బొమ్మలు

ఉప్పు చెమ్మకు గోడల మీది బొమ్మలు నిలవవు. ఓడల ఊరు గనుక తెరచాప గుడ్డకు కొదవ లేదు. చిత్రకారులు ఆ గుడ్డను బిగించి దానిపై రంగులు వేశారు. టిషియన్, టింటొరెట్టో, వెరొనీస్ వంటి మహామహుల చిత్రాలు అలా పుట్టినవే. పాలకుల భవనంలోని సభా మందిరంలో టింటొరెట్టో బృందం వేసిన స్వర్గం చిత్రం 22 మీటర్ల వెడల్పు ఉంటుంది. దాన్ని చూడడానికి రెండు కళ్లు చాలవు.

ఆ భవనాన్ని ఆనుకునే నిట్టూర్పుల వంతెన ఉంది. పేరు విని ప్రేమికుల వంతెన అనుకుంటారు. నిజానికి అది ఖైదీలను జైలుకు నడిపించిన దారి. ప్రేమాయణాలకు పేరుపడ్డ కాసనోవా కూడా పాలకుల భవనంలోని చెరలో ఉండి 1756లో తప్పించుకుపోయాడు.

ప్రేమ జంటలకు మోజు గొండోలా అనే నల్ల పడవ. 11 మీటర్ల పొడవుంటుంది. ఎనిమిది రకాల కర్రతో చేస్తారు. ఒకే తెడ్డుతో నడిపినా వంకర పోకుండా ఎడమ పక్క వెడల్పు ఎక్కువ పెడతారు. పగటి పూట అరగంట షికారుకు 2023 నవంబరు నుంచి 90 యూరోలు, అంటే మన లెక్కలో సుమారు 9,000 రూపాయలు. అంత స్తోమత లేనివారు నిరాశ పడనక్కర్లేదు. పెద్ద కాలువను అడ్డంగా దాటించే రేవు పడవలున్నాయి. రెండు యూరోలతో పని అయిపోతుంది.

నీటితో పోరు

ఇన్నాళ్లూ కాపాడిన నీరే ఇప్పుడు భయపెడుతోంది. 1966 నవంబరు 4న పోటు నీరు 194 సెంటీమీటర్లకు లేచింది. 2019 నవంబరు 12న మళ్లీ 187 సెంటీమీటర్లకు వచ్చింది. సముద్రం నుంచి నీరు చొరబడే మూడు ముఖద్వారాల్లో 78 ఇనుప తలుపులు అమర్చారు. మామూలుగా అవి నీటి అడుగున పడుకుని ఉంటాయి. పోటు వస్తుందనగానే లోపలికి గాలి కొడితే పైకి లేచి అడ్డు నిలుస్తాయి. పనుల్లో జాప్యం జరిగింది. 2014లో లంచాల కుంభకోణం బయటపడింది. ఖర్చు 500 కోట్ల యూరోలు దాటింది. చివరకు 2020 అక్టోబరు 3న మొదటిసారి తలుపులు పోటును ఆపాయి.

జనం మాత్రం ఆగడం లేదు. 1951లో పాత నగరంలో లక్షా 75 వేల మంది ఉండేవారు. 2022లో ఆ సంఖ్య 50 వేల కిందికి దిగింది. ఇళ్లు యాత్రికుల బసలయ్యాయి. అద్దెలు పెరిగాయి. చిన్నాచితకా ఉద్యోగులు అవతలి గట్టుకు వెళ్లిపోయారు.

పొద్దున వచ్చి సాయంత్రం పోయేవారి తాకిడి తగ్గించాలని 2024 ఏప్రిల్‌లో రద్దీ రోజులకు ఐదు యూరోల ప్రవేశ రుసుము పెట్టారు. రాత్రి బస చేసేవారికి దాని నుంచి మినహాయింపు ఉంది. కనుక వెళ్లేవారు ఒక్క రాత్రయినా ఉండాలి. జనం సద్దుమణిగాక సందుల్లో నడవాలి. దారి తప్పినా భయం లేదు, ఎటు పోయినా ఏదో ఒక కాలువే అడ్డొస్తుంది.

రియాల్టో వంతెనకు దగ్గరలో ఓ చిన్న ముంగిలి ఉంది. మార్కోపోలో ఇల్లు ఆ పక్కనే ఉండేదంటారు. ఇల్లు మిగల్లేదు గాని, ఆయన గ్రంథం పేరు ఆ ముంగిలికి మిగిలింది. అక్కడికి కాస్త దూరంలోనే ఒక మందుల షాపు కిటికీలో 2008లో అంకెల బోర్డు పెట్టారు. ఊళ్లో మిగిలిన జనం ఎందరో అది చూపిస్తుంది.

గణపతిదేవుడు సముద్ర వర్తకులకు అభయమిస్తూ 1244లో వేయించిన శాసనం మోటుపల్లి గుడిలో ఉంది. ఆ రేవు ఇప్పుడు లేదు. వెనిస్ వెళ్లినవారు మేడలతో పాటు ఆ బోర్డు కూడా చూసి రావాలి.