నడివయస్సు – అప్పగింతల కాలము



తల నెరయ నారంభించినపుడు మనము అద్దమును నిందింతుము. మనుస్మృతి ఆరవ అధ్యాయము దానినొక పిలుపుగా భావించినది. దేహమున ముడుతలను, నెరసిన వెండ్రుకలను, సంతానమునకు సంతానమును చూచిన గృహస్థుడు వనము నాశ్రయింపవలెనని విధించినది. నేడు అడవులకేగువారెవ్వరు? అయినను "నేను లేనిదే ఏదియు జరుగదు" అను తలంపును విడుచుట ఇంటనుండియే చేయదగిన వానప్రస్థము.

మహాభారతము ఆదిపర్వమున యయాతి కథ కలదు. శుక్రాచార్యుని శాపముచే ముదిమి పొందిన ఆ రాజు కుమారుల యౌవనమును యాచించెను. నలుగురు నిరాకరింపగా, కనిష్ఠుడగు పూరుడు తనదానినిచ్చెను. వేయి సంవత్సరములు భోగములనుభవించియు యయాతికి తృప్తి కలుగలేదు. తుదకు యౌవనమును తిరిగి యిచ్చి, రాజ్యమును పూరునకప్పగించి వనమునకేగెను. ఆశ తీరిన పిమ్మట విడుతుననువాడు ఎన్నటికిని విడువలేడు.

మనశ్శాస్త్రవేత్త ఎరిక్ ఎరిక్సన్ 1950లో వెలువరించిన గ్రంథమున జీవితమును 8 దశలుగా విభజించెను. ఏడవదియగు నడివయస్సున తరువాతి తరమును తీర్చిదిద్దు తపన ప్రధానమనియు, అది లేనివాడు ఎదుగుదల లేక నిలిచిపోవుననియు వివరించెను.

ఈ దోషము నాయందును ఉండెను. ఏబదవ యేట పాఠశాలలో ఘనపాఠము నేనే చెప్పవలెనని పట్టుపట్టితిని. శిష్యుడు సమర్థుడైనను ముందునకు రానీయనైతిని. ఒకనాడు జ్వరముతో పడకపైనుండి, ప్రక్కగదిలో అతడు చెప్పు పాఠము వింటిని. అందు మా గురువుగారి స్వరమే వినిపించినది. నాటినుండి ఆ బాధ్యత అతనిదే.

తాళపుచెవులను, పద్దుల పుస్తకమును, వంటయింటి పెత్తనమును పిల్లలు అడుగకమునుపే ఇండు. ఇచ్చిన పిదప, అడిగినపుడే సలహా చెప్పుడు.

స్వస్తి.