వసతి పాఠశాలలో కుటుంబ సేవ: ఇచ్చుటను గూర్చి ఉపనిషత్తు చెప్పిన విధి

 

దోమకొండ కోటలోని మహాదేవుని దర్శించుకొని ఒకనాడు ఒక కుటుంబము మా యింటికి వచ్చినది. భార్యాభర్తలు, ఇద్దరు బిడ్డలు. దంపతులు ఈ ప్రాంతమువారే గాని, ఇరువది యేండ్లుగా అమెరికాలో నివసించుచున్నారు. బిడ్డలు అక్కడనే పుట్టి పెరిగినారు. వారికి మన ఊరే పరదేశము. ఆ గృహస్థు మమ్ములనిట్లు అడిగినాడు: "అయ్యగారూ! మాకు మూడు వారముల సెలవు ఉన్నది. పేదబిడ్డలు ఉండి చదువుకొను బడిలో మేము నలుగురము సేవ చేయదలచినాము. ఇది దానమగునా? దీనికి విధి ఏమైనా ఉన్నదా?"

ప్రశ్న చిన్నదే, సమాధానము చిన్నది కాదు. గల్ఫు దేశములకు, అమెరికాకు పోయిన మన కుటుంబములలో నేడు ఇట్టి కోరిక పలువురికి కలుగుచున్నది. కావున ఆనాడు వారికి చెప్పినదానినే మీ అందరి కొఱకు విశదముగా విన్నవించుచున్నాము.

వసతి పాఠశాల మనకు క్రొత్తది కాదు

గురువు ఇంట నివసించి చదువుటయే మన ప్రాచీన పద్ధతి. ఛాందోగ్యోపనిషత్తులో సత్యకామ జాబాలుని కథ కలదు. ఆ బాలుడు తండ్రిని ఎఱుగడు. తల్లి జబాల పలుచోట్ల పరిచర్య చేసి బ్రదికినది. బిడ్డ గోత్రము చెప్పలేకపోయినది. హారిద్రుమత గౌతముడు గోత్రమడుగగా, బాలుడు తల్లి చెప్పినది చెప్పినట్లే పలికెను. గురువు ఆ సత్యమునే అర్హతగా గ్రహించి శిష్యునిగా స్వీకరించెను. బక్కచిక్కిన నాలుగువందల ఆవులను అప్పగించి మేపుకొని రమ్మనెను. అవి వేయి అగువరకు తిరిగి రానని బాలుడు బయలుదేరెను. ఇందు గమనింపవలసినది ఏమనగా, గురువు ఆ దీనబాలునిపై జాలిపడి ఊరకుండలేదు. వానిని నమ్మి పని అప్పగించెను.

ఈ కాలమునకు వత్తము. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నల్లగొండ ప్రాంతమున సర్వేలు గ్రామములో గురుకుల విద్యాలయము వెలసినది. ఆ మార్గమే పిమ్మట 1986 నాటి జాతీయ విద్యావిధానముతో నవోదయ విద్యాలయములుగా దేశమంతట విస్తరించెను; మన నిజాంసాగరులోను ఒకటి ఉన్నది. నేడు తెలంగాణలో సాంఘిక సంక్షేమ గురుకులములే రెండువందలకు పైగా నడచుచున్నవి.

దూరము పోనేల? మన తాడ్వాయి గురుకులములో చదివిన మాలావత్ పూర్ణ, పాకాల గ్రామపు వ్యవసాయ కూలీల బిడ్డ, 2014 మే 25న ఎవరెస్టు శిఖరమును ఎక్కినది. అప్పటికామెకు పదునాలుగేండ్లు నిండలేదు. ఆ బిడ్డకు ఉపకరించినది ఎవరి జాలియు కాదు. భువనగిరి గుట్టపై మొదలైన శిక్షణము, నేర్పినవారి ఓర్పు. గౌతముడు చేసినది, ఇచ్చట జరిగినది ఒక్కటే.

తీసికొన్నవానికే చెప్పిన మాట

తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో, పదునొకండవ అనువాకమున, చదువు ముగించి ఇంటికి పోవు శిష్యునకు ఆచార్యుడు కొన్ని ధర్మములు చెప్పును. వానిలో ఎట్లు ఈయవలెనో చెప్పు భాగమొకటి కలదు. శ్రద్ధతో ఇమ్ము, అశ్రద్ధతో ఈయవద్దు, సంపదకు తగినట్లు ఇమ్ము, సిగ్గుతో ఇమ్ము, భయముతో ఇమ్ము, ఎఱుకతో ఇమ్ము అని దాని తాత్పర్యము. ఈ మాట ఎవరికి చెప్పబడినదో చూడుడు. నిన్నటివరకు ఇంటింట భిక్ష స్వీకరించినవానికి! తీసికొన్న చేతికే ఇచ్చుటలోని కష్టము తెలియునని ఆచార్యుని ఆశయము కాబోలు.

మేమును అట్లు తీసికొని చదివినవారమే. మా బాల్యమున పాఠశాలలో చదువు ఉండెను గాని భోజనవసతి లేకుండెను. వారములు చెప్పుకొని, దినమునకొక ఇంట తిని చదివితిమి. సోమవారమునాటి ఇల్లాలు మేము పోగానే ఇత్తడి బిందె చేతికిచ్చి, "బావినుండి నీళ్ళు తెచ్చి పెట్టు నాయనా, తరువాత తిందువు" అనెడిది. ఆమెకు నీళ్ళకు కొదువ లేదు. ఊరక తినుచున్నానను బాధ బాలునికి కలుగరాదని ఆమె తలంపు. అది మాకు పెద్దయైన పిమ్మట గాని తెలియలేదు.

మఱియొక ఇంట భోజనము దివ్యముగా ఉండెడిది. కాని చుట్టములు వచ్చినప్పుడెల్ల మమ్ములను నడుమ నిలబెట్టి, "వీనికి తండ్రి లేడు, మేమే సాకుచున్నాము" అని చెప్పెడివారు. ఆ ఇంటి పప్పు రుచి మఱచితిమి. ఆ మాట మఱువలేదు. వారు చెడ్డవారని చెప్పుట మా ఉద్దేశము కాదు. ఇచ్చుట వారికి తెలియును, సిగ్గుతో ఇచ్చుట తెలియదు.

ఆరు మాటలు, వాని అన్వయము

మొదటిది శ్రద్ధ. ఆ బిడ్డ నేర్వగలడను నమ్మకమే ఇచ్చట శ్రద్ధ. ఆ నమ్మకము లేనివాడు లెక్కలు చెప్పుటకు కూర్చుండిన, పది నిమిషములలో విసుగుకొనును.

రెండవది అశ్రద్ధతో ఈయకుండుట. కఠోపనిషత్తులో నచికేతసుని తండ్రి, నీరు త్రాగుట, గడ్డి మేయుట, పాలిచ్చుట అన్నియు ముగిసిన గోవులను దానమిచ్చెను. అది చూచియే బాలుని మనస్సు కలతచెందెను. నేడు వసతి గృహములకు వచ్చు మూటలలో చిరిగిన చొక్కాలు, సగము వ్రాసిన నోటు పుస్తకములు, గడువు దాటిన బిస్కత్తులు ఉండుట కలదు. ఇవి ఆ ముసలి గోవులే. మీ బిడ్డకు తొడుగనిది మఱియొకరి బిడ్డకు తొడుగరాదు.

మూడవది సంపదకు తగినట్లు ఇచ్చుట. సంపద యనగా ధనమే కాదు, విద్యయు సంపదయే. ఆ గృహిణి దంతవైద్యురాలు. ఆమె గోడలకు రంగు వేయనేల? రంగు వేయుటకు మన ఊరిలోనే పనివారున్నారు. వారికి కూలి దొరకును. ఆమె మాత్రమే చేయగల పని పిల్లల పండ్లు చూచుట. దానికిని ఇచ్చటి వైద్యుల ద్వారా, నియమము ప్రకారమే పూనుకొనవలెను.

నాల్గవది సిగ్గు. ఇచ్చువాడు తల వంచుకొని ఈయవలెను, తీసికొనువాడు కాదు. సెల్‌ఫోనుతో పిల్లలను చిత్రములు తీసి లోకమునకు చూపుట ఇందులకు పూర్తిగా విరుద్ధము. సంరక్షణ అవసరమైన బాలల పేరును, చిత్రమును ప్రచురింపరాదని 2015 నాటి బాలల న్యాయ చట్టమును నిషేధించుచున్నది. చట్టము లేకున్నను, చుట్టముల నడుమ నిలబెట్టబడిన బాలుని తలచుకొన్న చాలును.

ఐదవది భయము. దీనిని గూర్చి కొంత ఎక్కువ చెప్పవలెను. మేము పాఠశాలలో ఉండగా పట్టణమునుండి ఒక పెద్దమనిషి వచ్చినాడు. మా వల్లెవేత విని, ప్రక్కన కూర్చుండబెట్టుకొని, "సంక్రాంతికి వత్తును, నీకు అమరకోశము తెత్తును" అని చెప్పినాడు. మేము మూడు సంక్రాంతులు ఎదురుచూచితిమి. ఆయన మఱచినాడు, అంతియే. ఇంటివద్ద తల్లి ఉన్న బిడ్డకు అట్టి మాట గాలికి పోవును; తల్లికి దూరముగా ఉన్న బిడ్డకు అదియే ఆధారమగును. మూడు వారములలో బిడ్డలు మెడ చుట్టూ చేతులు వేయుదురు. మీరు విమానమెక్కుదురు, వారు మరునాడు అదే గేటువద్ద నిలబడుదురు. ఏటేట క్రొత్తవారు వచ్చి, దగ్గరకు తీసి, వెడలిపోవుచుండిన ఆ పసిమనస్సు ఎవరిని నమ్మవలెను? కావున తీర్చలేని మాట ఈయవద్దు. పోవు తేదీని వచ్చిన నాడే చెప్పుడు. ఏ బిడ్డతోను ఏకాంతమున ఉండక, అచ్చటి ఉపాధ్యాయుల యెదుటనే మెలగుడు. ఇది అనుమానము కాదు. బిడ్డకు రక్ష, మీకును రక్ష.

ఆరవది ఎఱుక. ఏమి కావలెనో ముందుగా ప్రధానోపాధ్యాయుని అడుగుడు. కంప్యూటర్లు తెత్తుమని మీరు తలచుచుండగా, అచ్చట స్నానపు గదులకు తలుపులు లేకపోవచ్చును. ధనము విషయములోను ఎఱుక వలయును. విదేశీ పౌరసత్వము పొందినవారి ధనము విదేశీ విరాళముగా ఎంచబడును; 2010 నాటి చట్టము ప్రకారము అనుమతి గల సంస్థయే దానిని స్వీకరింపవలెను. మంచి మనస్సుతో ఇచ్చిన సొమ్ము బడికి చిక్కు తేరాదు.

పరదేశమునుండి వచ్చి నిలిచిన కుటుంబము

దీనికి మన తెలుగునేలలోనే గొప్ప దృష్టాంతము కలదు. స్పెయిను దేశపు బార్సిలోనాలో 1920లో జన్మించిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురమునకు వచ్చెను. ఇంగ్లాండునుండి వచ్చిన అన్నె ఫెర్రరును వివాహమాడి, ఇద్దరును ఆ కరువుసీమలోనే నిలిచిరి. వారి గ్రామీణాభివృద్ధి సంస్థ చూపులేని, వినికిడిలేని బిడ్డలకు వసతితో కూడిన బడులను కూడ నడపినది. వారి కుమారుడు మాంచో ఫెర్రర్ అచ్చటనే పెరిగి తెలుగు మాటలాడుచు అదే పనిలో ఉన్నాడు. 2009లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురములోనే దేహము చాలించెను. వారి మతము వేరు, మన మతము వేరు. కాని నలుబది యేండ్లు ఒక్కచోట నిలుచుటను మనము తపస్సనియే అందుము.

అందఱును అట్లుండలేరు. మూడు వారములు గలవారు ఏమి చేయవలెను? ఆ కుటుంబమునకు మేమిట్లు చెప్పితిమి. మీ బిడ్డలు ఆ బిడ్డల పంక్తిలోనే కూర్చుండి, అదే అన్నము తిని, తమ కంచము తామే కడుగవలెను. వారు ఇంగ్లీషు నేర్పుదురుగాక. ఆ బిడ్డలవద్ద తెలుగు నేర్చుకొందురుగాక. అప్పుడు ఇచ్చువారెవరో, పుచ్చుకొనువారెవరో తెలియకపోవును. బావినీళ్ళ బిందె తాత్పర్యమిదియే. పోయిన పిమ్మట, మోయగలిగినంత చిన్న పని ఒకటి పట్టుకొని ఏండ్ల తరబడి విడువకుండవలెను.

వారు ఆ మాట విని కొంతసేపు మౌనముగా ఉండిరి. ఆ ఇల్లాలు, "అయితే మేము రావద్దా?" అని అడిగినది. "రావలెనమ్మా. కాని మరల రాగలిగిన వారివలె రావలెను" అంటిమి. ఆ యేడు వారు బడిలో మూడు వారములుండిరి. చిత్రములు తీయలేదు. ఇప్పుడు ఆదివారమునాడు ఆ గృహస్థు, దూరమునుండియే, ఉపాధ్యాయుని సమక్షమున పదవ తరగతి బిడ్డలకు గంటసేపు లెక్కలు చెప్పుచున్నాడు. ఒక్క గంటయే. ఆ గంట తప్పుట లేదని ప్రధానోపాధ్యాయుడు మాతో చెప్పినాడు.

మన కోట జీర్ణోద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారము లభించినది. పడిపోవు రాళ్ళను ఓర్పుతో నిలిపిన ఊరు మనది. తల్లిదండ్రులకు దూరముగా చదువుకొను బిడ్డలను నిలుపుటకు అంతకంటె ఎక్కువ ఓర్పు కావలెను. అట్టి ఓర్పును మహాదేవుడు మన గృహస్థులకు ప్రసాదించుగాక!

స్వస్తి.