అడాప్టర్ మీది చిన్నక్షరాలు చదివారా?

ఫ్రిజ్‌కి స్టెబిలైజర్ కొంటారు, గీజర్‌కి ఎలక్ట్రీషియన్‌ని పిలుస్తారు. వైఫై డబ్బాకు తగిలించిన అడాప్టర్‌ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఇరవై నాలుగు గంటలూ కరెంటులో ఉండేది అదే.

గోడ సాకెట్‌లో వచ్చేది 230 వోల్టుల ఏసీ. మామూలు ఫోన్ చార్జింగ్‌కు కావాల్సింది 5 వోల్టుల డీసీ. అడాప్టర్ లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఈ రెండు వైపులనూ విడివిడిగా ఉంచుతుంది. నాసిరకం అడాప్టర్లలో ఆ మధ్య ఖాళీలోనూ ఇన్సులేషన్‌లోనూ కక్కుర్తి పడతారు. అక్కడ తేడా వస్తే 230 వోల్టులు నేరుగా చేతిలోని ఫోన్ దాకా రావచ్చు. వుజూ చేసి తడి చేతులతో చార్జర్ పీకేవాళ్లు దాదాపు ప్రతి ఇంట్లో ఉంటారు. యాభై, వంద మిగులుతుందని కొన్న చార్జర్ అయితే అది ప్రాణం మీదకి తెచ్చే అలవాటే.

అడాప్టర్ ఎన్నాళ్లు పనిచేస్తుందనేది ఎక్కువగా వేడిని బట్టి ఉంటుంది. లోపలి కెపాసిటర్లలో ద్రవం ఉంటుంది, వేడికి అది మెల్లగా ఎండిపోతుంది. 10 డిగ్రీల వేడి పెరిగితే కెపాసిటర్ ఆయుష్షు సుమారు సగమవుతుందని లెక్క. పరదా వెనక, పొయ్యి పక్కన, సహరీ అలారం కోసం దిండు కింద చార్జింగ్... అన్నీ దాని వయసు తగ్గించేవే. రౌటర్ తనంతట తానే ఆఫై ఆన్ అవుతుంటే నెట్‌వాళ్లతో గొడవపడే ముందు అడాప్టర్ మార్చి చూడాలి. చాలాసార్లు తప్పు దానిదే.

మార్చేటప్పుడు వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి. ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ ఉన్నా ఫర్వాలేదు, తక్కువైతే వేడెక్కుతుంది. గుండ్రటి పిన్ను ఉన్నవాటికి ప్లస్, మైనస్ గుర్తు కూడా పాతదానితో కలవాలి. పిన్ను దూరింది కదా అని పెట్టేస్తే రౌటర్ కాలిపోవచ్చు.

కొనేటప్పుడు బీఐఎస్ గుర్తు, దాని దగ్గర 'ఆర్' అక్షరంతో మొదలయ్యే 8 అంకెల నంబరు చూడాలి. గుర్తు ముద్రించడం నకిలీవాళ్లకు పెద్ద పనేం కాదు. అందుకే ఆ నంబరును 'బీఐఎస్ కేర్' యాప్‌లో కొట్టి, అక్కడ వచ్చే కంపెనీ పేరు డబ్బా మీది పేరుతో కలుస్తుందో లేదో చూసుకోవాలి.

దుబాయ్, సౌదీల నుంచి వచ్చిన చార్జర్ల సంగతి వేరు. వాటిమీద '100-240' వోల్టులు అని ఉంటే ఇక్కడి కరెంటుకు ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా వాటి మూడు బల్లపరుపు పిన్నులతోనే. చవక కన్వర్టర్‌లో అవి వదులుగా కూర్చుంటే నిప్పురవ్వలు వస్తాయి, ప్లాస్టిక్ కరుగుతుంది. అమెరికా నుంచి వచ్చినదాని మీద '120' మాత్రమే ఉంటే ఇక్కడ అస్సలు పెట్టకూడదు.

ఖాళీగా వదిలేస్తే బిల్లు పెరుగుతుందా అని చాలామంది అడుగుతారు. మంచి చార్జర్ ఖాళీగా తాగేది 0.1 వాట్ లోపే. ఏడాదంతా వదిలేసినా ఒక యూనిట్ కూడా కాదు. పిడుగులు పడే రోజున మాత్రం పీకేయడం మేలు. కాలిన వాసన వచ్చినా, ఉబ్బినా ముందు స్విచ్ కట్టేసి, పొడి చేత్తో తీసి, మళ్లీ పెట్టకుండా పక్కన పడేయాలి.